కీ.శే. లేని తల్లె

పోయిన వారం యశోదను లీలమ్మ వంటగదిలో ఒక స్టూలు మీద నిలబెట్టి వదిలేశాం. వారం రోజులు స్టూలు మీద నిలబడడం ఎవరికైనా నరకమే. యశోదకు మాత్రం పెద్ద తేడా తెలిసి ఉండదు. రెండేళ్ళ నాలుగు నెలలుగా ఆమె ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడుతోంది, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటోంది.

ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఛత్రినాకలో యశోద ఉండే గల్లీలో ‘గురువారం తల్లె’ అని ఒక పద్ధతి నడుస్తోంది. తల్లె అంటే అన్నం తినే పళ్ళెమే. పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలు ముప్ఫై నాలుగు మంది, వారానికి ఒక్క సాయంత్రం, సొంత ఇంట్లో కాకుండా అదే గల్లీలో ఇంకొకరి ఇంట్లో తింటారు. ఎవరి పేరు కొట్టిన తల్లె వాళ్ళకు ఆ ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది. తిని, కడిగి, మళ్ళీ మేకుకు తగిలించి వెళ్ళాలి. రెండు గురువారాలు వరుసగా తల్లె కిందికి దిగలేదంటే ఎవరో ఒకరు వెళ్ళి ఆ పిల్లల ఇంటి తలుపు కొడతారు. గురువారమే ఎందుకంటే, ఆ రోజు చాలా ఇళ్ళలో నీసు వండరు. ఒకరింట్లో మటన్, ఇంకొకరింట్లో ఉత్త చారు అన్న పోలిక రాదు. తల్లె దగ్గర పిల్లలు చెప్పుకున్న మాట కన్నవాళ్ళకు చేరకూడదన్న షరతు తప్ప, అంతకు మించి ఇందులో ఏమీ లేదు. ఉపన్యాసాలు లేవు. మొదట్లో ఫోటోలు దిగడానికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు గానీ, కూర్చోబెట్టి పప్పన్నం పెడితే తిని, చేతులు తుడుచుకుని, ఫోటో సంగతి మరచిపోయి వెళ్ళిపోయారు.

దీన్ని మొదలుపెట్టింది యశోద. ఆమె కొడుకు మహేష్ పందొమ్మిదో ఏట పోయాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కానిస్టేబుల్ కోచింగ్‌కని బండి మీద బయల్దేరినవాడు బహదూర్‌పురా చౌరస్తాలో లారీ కింద పడ్డాడు. దిల్‌సుఖ్‌నగర్ ఒక దిక్కు, బహదూర్‌పురా ఇంకో దిక్కు. “గాడికెందుకు పోయిండు?” అని యశోద ఆ రోజు ఒక్క మాట అడిగింది. “నాకేం తెలుసు, దోస్తులతోని తిరగనీకి పోయుంటడు” అన్నాడు ఆమె భర్త బాలనర్సింహ. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు దొరికిందని కాదు. బర్రెలకు నీళ్ళు పెట్టాలి, పాలు పిండాలి, ఇంటింటికీ పొయ్యాలి. రోజు గడిచిపోతుంది.

సంవత్సరీకం నాడు భోజనానికి వచ్చినవాళ్ళకు నూట ఒక్క స్టీలు తల్లెలు పంచారు. ఒక్కో దాని అంచు మీద ‘కీ.శే. మహేష్ జ్ఞాపకార్థం’ అని కొట్టించారు. గల్లీలో ప్రతి ఇంట్లో ఒకటుంది. గురువారం పద్ధతి మొదలైనప్పుడు తేరగా ఉన్నాయి కదా అని పిల్లలకు వాటిలోనే వడ్డించారు. రెండో వారమే ఒక ముసలామె లొల్లి చేసింది. బతికున్న పిల్లలను కీర్తిశేషుల పళ్ళెంలో తినమంటారా, మతి ఉండే చేస్తున్నారా అని గల్లీ అదిరేలా అరిచింది. అందరూ యశోద ముఖంలోకి చూశారు. ఆమె నొచ్చుకోలేదు. “కరెక్టే గద” అని ముప్ఫై నాలుగు కొత్త తల్లెలు తెప్పించింది. వాటి మీద పేర్లు కొట్టింది లీలమ్మ.

లీలమ్మ సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరయిన మనిషి. అరవై మూడేళ్ళు. భర్త డానియేలు గిన్నెల దుకాణంలో కూర్చుని గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. పోతూ పోతూ ఆ చిన్న కరెంటు మిషను ఆమెకు వదిలి వెళ్ళాడు. పేరు కింద తారీఖు కొట్టకుండా ఆమె ఏ గిన్నె దించదు. పేరుంటే గిన్నె ఎవరిదో తెలుస్తుంది గానీ ఎప్పటిదో తెలియదు కదా అనేది డానియేలు మాట.

ఇంక కథలోకి. ఈ గురువారం లీలమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. సాయానికి యశోద వచ్చింది. అప్పడాలు పెట్టడానికి వెడల్పాటి పళ్ళెం కోసం స్టూలెక్కి సజ్జ మీద వెతికితే, తుండుగుడ్డ చుట్టిన మూట ఒకటి చేతికి తగిలింది. గుడ్డ మడత తీసి, పైనున్న తల్లెను బయటికి లాగింది. అంచు మీద ఆమె కొడుకు పేరుంది.

మొదట ఆమెకు ఏమీ అనిపించలేదు. నూట ఒకటిలో ఇదొకటి అనుకుంది. లీలమ్మ ఇంట్లో ఉండడంలో వింతేముంది? దాన్ని చంకలో పెట్టుకుని స్టూలు దిగబోయింది. అలవాటుగా బొటనవేలు అంచు మీద తిరిగింది. ఆ నూట ఒక్క తల్లెలూ ఆమె కడిగి, తుడిచి, వరుసగా పేర్చినవే. కీ.శే. అన్న ఆ రెండక్షరాల గరుకు ఎక్కడ తగలాలో ఆమె వేలికి తెలుసు. అక్కడ తగలలేదు.

కిటికీ వైపు తిప్పి చూసింది. ఇంకా వెలుతురు ఉంది, ఆరున్నర కూడా కాలేదు. పేరొక్కటే ఉంది. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. కింద తారీఖు, 4-8-2022.

ఆ తారీఖున మహేష్ బతికే ఉన్నాడు. ఆ తరువాత ఇంకా ఏడు నెలలు బతికాడు. ఈ రెండు సంగతులు యశోద మనసులో పక్కపక్కనే నిలబడ్డాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. ఇలాంటప్పుడు గుండె దడదడ కొట్టుకోవాలి కదా అని ఆమె కాసేపు ఆగి చూసుకుంది. కొట్టుకోలేదు. స్టవ్ మీద టమాట పప్పు ఉడుకుతున్న చప్పుడు మాత్రం బాగా వినిపించింది.

లీలమ్మ పెరట్లోంచి కొత్తిమీర కట్ట పట్టుకుని కుంటుతూ వచ్చింది. గుమ్మంలో ఆగింది. స్టూలు మీద యశోదను చూసింది, ఆమె చేతిలో ఉన్నదాన్ని చూసింది. కొత్తిమీర గట్టు మీద పెట్టి, ముందు వెళ్ళి స్టవ్ మంట తగ్గించింది.

“అక్కా, ఇదేంది?” అంది యశోద.

“ముందుగాల కిందికి దిగు. పడ్తవ్.”

“ఇదేంది అంటున్న.”

“తల్లె.”

“ఎవరిది?”

“పేరున్నది గద బిడ్డా” అంది లీలమ్మ.

యశోద దిగింది. దిగి, ఆ స్టూలు మీదే కూర్చుంది. తల్లె ఒళ్ళో పెట్టుకుంది. లీలమ్మకు నేల మీద కూర్చోవడం కష్టం, గట్టుకు ఆనుకుని నిలబడింది. ముందు గదిలో అఖిల చాప పరుస్తోంది. అఖిల ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల, గురువారాలు ఆమె తల్లె వేలాడేది ఈ ఇంట్లోనే. చాప దులిపిన చప్పుడు ఒకసారి వచ్చి ఆగిపోయింది. లోపల ఏదో జరుగుతోందని ఆ పిల్లకు తెలిసిపోయింది.

“మా మహేష్ నీ ఇంట్ల తిన్నడా?”

“తిన్నడు.”

“ఎన్నిసార్లు?”

“ముప్ఫై ఒక్క గురువారాలు. నడుమల దసరాకు ఒక్కసారి రాలె.” లీలమ్మ కొత్తిమీర కట్ట విప్పి, ఎండిన ఆకులు ఏరడం మొదలుపెట్టింది. చేతులకు ఏదో ఒక పని కావాలి. “మొదటిసారి పాల క్యాను మీద పేరు కొట్టించనీకి వచ్చిండు. నేను అప్పుడే అన్నం పెట్టుకున్న. తిన్నవారా అంటే తిన్న అన్నడు. మొఖం చూస్తే తినలే. కూసోబెట్టిన. క్యానుతోని పాటు తల్లె మీద గూడ కొట్టిన, నవ్వుకుంట. ఇంగ నువ్వు రాకుంటే ఇది ఖాళీగుంటదిరా అన్న. మల్ల గురువారం వచ్చిండు.”

“గురువారమే ఎందుకు?”

లీలమ్మ ఎండిన ఆకులను గట్టు చివరికి తోసింది. యశోద ఆమె ముఖంలోకి చూస్తూనే ఉంది. చివరికి లీలమ్మే చెప్పింది.

“గురువారాలు నువ్వు భజనకు పోతుంటివి గద. ఇంట్ల ఎవరుండకపోయేది.”

అవును. పోయేది. సాయంత్రం ఐదున్నరకు వెళ్ళి ఎనిమిదికి వచ్చేది. ఆ రోజుల్లో యశోదకు మంచి గొంతు ఉండేది, భజనలో ఆమె ఎత్తుకుంటేనే మిగతా ఆడవాళ్ళు అందుకునేవాళ్ళు. ముప్ఫై ఒక్క గురువారాలు ఆమె గుడిలో పాడుతూ ఉంటే, రెండు వీధుల అవతల ఆమె కొడుకు ఈ గదిలో కూర్చుని తిన్నాడు. ఇంటికి వచ్చి “తిందువు రా” అంటే, “ఆకలైతలేదమ్మా” అనేవాడు. బయట నూడుల్స్ తిని వచ్చాడనుకుని ఎన్నిసార్లు తిట్టిందో. ఆ తిట్లన్నీ ఆమెకు గుర్తున్నాయి.

“ముప్ఫై రెండో గురువారం గూడ వండిన” అంది లీలమ్మ మెల్లగా. “పచ్చిపులుసు చేసిన. ఏడైంది, ఎనిమిదైంది, రాలె. పొద్దుగాల తెలిసింది.”

మహేష్ పోయింది గురువారం నాడే. మార్చి పదహారు. ఈ సంగతి యశోదకు తెలియక కాదు. గురువారం తల్లెకూ ఆ గురువారానికీ సంబంధం ఉండొచ్చని మాత్రం ఈ రోజు దాకా ఆమెకు తట్టలేదు.

“రెండేండ్ల సంది నాకెందుకు చెప్పలే?”

“వాడు వద్దన్నడు.”

“వాడు లేడు గద అక్కా.”

చాలా మామూలుగా అంది ఆ మాట. పాలు లేవు, పెరుగు లేదు అన్నట్టే అంది. లీలమ్మ ఏరుతున్న ఆకు చేతిలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యశోద ఆ నీళ్ళను చూసి, ఈమెకు వస్తున్నాయే, నాకెందుకు రావు అనుకుంది. అసూయ లాంటిది కాస్త కలిగింది. ఈ మధ్య కాలంలో ఆమెకు కలిగిన వాటిలో అదే పెద్దది.

“ఆ నూట ఒక్క తల్లెల మీద పేరు కొట్టింది నేనే” అంది లీలమ్మ. “నువ్వు ఒక కాయితం మీద రాసిచ్చినవ్, గిట్ల కొట్టాలె అని. కొట్టిన. ప్రతిసారి ముందుగాల ఆ రెండక్షరాలు కొట్టి, ఆగి, నీళ్ళు తాగి, పేరు కొట్టిన. మూడు దినాలు పట్టింది. ఎందుకు లేటయితుందని నువ్వు అడిగినవ్, గుర్తున్నదా? మిషను ఖరాబైందని చెప్పిన.”

గుర్తుంది. మిషను ఖరాబైతే వేరే దుకాణంలో ఇద్దామని కూడా యశోద అంది.

ఇంకొకటి కూడా ఇప్పుడు గుర్తుకు వచ్చింది. సంవత్సరీకమైన నాలుగో రోజు లీలమ్మ ఇంటికొచ్చి పక్కన కూర్చుంది. మాటల మధ్యలో, పిల్లలు వారానికొక పూట పక్కింట్లో తింటే మంచిది యశోదా, కన్నవాళ్ళకు కనబడనిది పక్కవాళ్ళకు కనబడుతుంది అంది. గురువారమైతే బాగుంటుంది అంది. పేరు కొట్టిన తల్లె ఉంటే పిల్లలు సిగ్గుపడకుండా వస్తారు అంది. యశోద లాంగ్ నోట్‌బుక్ తెచ్చి అన్నీ రాసుకుంది. రాసుకుంటూ, ఇవన్నీ తన బుర్రలోంచే వస్తున్నాయనుకుంది. గల్లీ అంతా కూడా అదే అనుకుంది. మొన్న అరబ్బు కుటుంబాలుండే బార్కస్ నుంచి నలుగురు ఆడవాళ్ళు ఈ పద్ధతి చూడడానికి వచ్చి, మా ఇళ్ళలో అందరం ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుంటాం, పేరెక్కడ కొట్టాలి అని అడిగితే, యశోద లీలమ్మ వైపు చూసింది. “అంచు చుట్టూరా కొట్టుండ్రి, ఎవరి ముంగట వాళ్ళ పేరు” అని లీలమ్మే చెప్పింది. అందరూ నవ్వారు. యశోద కూడా నవ్వినట్టు పెదాలు కదిపింది.

“అయితే ఇది నాది కాదు” అంది యశోద ఇప్పుడు. “నా ఆలోచన కాదు.”

“నీదే. నువ్వు ఇల్లిల్లు తిరగకుంటే ఇది నా సజ్జ మీదనే ఉండేది.”

యశోద తల్లెను ఒళ్ళోంచి తీసి గట్టు మీద పెట్టింది.

“వాడు నీకేం చెప్పిండు అక్కా? కోచింగ్‌కని చెప్పి బహదూర్‌పురకు ఎందుకు పోయిండు?”

“అది అడగకు.”

“అడుగుత. నేను వాని అమ్మను.”

“అందుకే అడగకు. తల్లె కాడ పిల్లలు చెప్పుకున్న మాట వాళ్ళ అమ్మబాపులకు చేరొద్దని నీ చేత్తోని రాసినవ్. ముప్ఫై నాలుగు ఇండ్లల్ల చదివి వినిపించినవ్.”

“పానం మీదికొచ్చే మాటైతే చెప్పాలె అని గూడ రాసిన. పానం పోయింది గద. ఇంగెప్పుడు చెప్తవ్?”

ముందు గదిలో చాప చప్పుడు లేదు, కాళ్ళ పట్టీల చప్పుడు కూడా లేదు. లీలమ్మ ఒకసారి అటు చూసి గొంతు తగ్గించింది.

“పానం మీదికొచ్చే మాట గాదు బిడ్డా. అయ్యుంటే ఆ దినమే చెప్పుల్లేకుంట ఉరికొద్దును నీ ఇంటికి. అది ఇజ్జత్ మాట. పందొమ్మిదేండ్ల పిల్లగాని ఇజ్జత్ మాట. అమ్మకు నేనే చెప్త, జర టైమియ్యు అన్నడు. టైము దొరకలె. నేను ఫాదర్ దగ్గరికి గూడ పోయి అడిగిన, చెప్పాల్నా వద్దా అని. నీ మనసుకేమనిపిస్తే అది చెయ్ అన్నడు. మనసు దినానికొక తీరు చెప్తది.”

“ఇయ్యాల ఏం చెప్తుంది?”

లీలమ్మ నోరు తెరిచింది. చెప్పేదే. యశోదకు ఇప్పటికీ ఆ నమ్మకం ఉంది, ఇంకొక్కసారి అడిగి ఉంటే లీలమ్మ చెప్పేసేది.

గుమ్మంలో అఖిల నిలబడింది. లోపలికి వచ్చి, వాళ్ళిద్దరినీ చూడకుండా, గోడ దగ్గరికి వెళ్ళి, మేకుకు ఉన్న తన తల్లె దించింది. కడగలేదు, వడ్డించమని చాపలేదు. చున్నీ చెంగుతో తుడిచి ఛాతీకి ఆనించి పట్టుకుంది.

“ఏమైంది అఖిలా?” అంది యశోద.

“ఇంటికి తీస్కపోత పెద్దమ్మా.”

“ఎందుకు?”

పిల్ల ముఖం తెల్లబోయి ఉంది. మాటలు వెతుక్కుంటూ చెప్పింది. “రేపు మా అమ్మ గూడ గిట్లనే వచ్చి కూసుంటది గద. నా బిడ్డ ఏం చెప్పిందో చెప్పు అంటది. మీరంటే ఈ అమ్మమ్మ చెప్తుంది. మా అమ్మంటే గూడ చెప్తది.”

మూడు వారాల కింద అఖిల ఈ ఇంట్లో లీలమ్మకు ఏదో చెప్పుకుంది. అదేమిటో యశోదకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. కానీ ఆ రోజు నుంచి ఆ పిల్ల గోళ్ళు కొరకడం మానేసిందని గమనించింది. రోజూ కాలేజీకి పోతోందని కూడా తెలుసు. ఇప్పుడు తల్లె అంచు మీది నుంచి అఖిల బొటనవేలు నోటి వైపు లేచి, మళ్ళీ దిగింది.

ఇలాంటి చోట కథల్లో తల్లులు గుండెలు బాదుకుంటారు. యశోద అలా చెయ్యలేదు. ఆమె కూర్చుని లెక్క తేల్చుకుంటున్నట్టు ఆ పిల్లను చూసింది. ఒక వైపు తన కొడుకు ఆఖరి సంగతి. రెండేళ్ళ నాలుగు నెలలుగా దాని కోసమే లోపల అన్నీ ఆగిపోయి ఉన్నాయి. అది తెలిస్తే ఏడుపొస్తుందేమో, నిద్ర వస్తుందేమో, పప్పులో ఉప్పు ఉందో లేదో నాలుకకు తెలుస్తుందేమో. ఇంకో వైపు ఈ పిల్ల చేతిలోని తల్లె. ఇది ఈ మేకు దిగితే రేపు పొద్దుటికల్లా గల్లీలో మిగతావన్నీ దిగుతాయి. పిల్లల మధ్య వార్త పాకడానికి ఫోను కూడా అక్కర్లేదు.

మహేష్ ఉంటే ఏమనేవాడో ఆమెకు తెలియదు. అదే కదా అసలు బాధ. కొడుకు ఏమంటాడో తెలియని తల్లి తను.

“తగిలియ్ బిడ్డా” అంది చివరికి.

అఖిల కదల్లేదు.

“తగిలియ్. నేనడగ. ఇయ్యాల అడగ, రేపడగ. మీ అమ్మ వచ్చినా అమ్మమ్మ చెప్పదు. నేనుంట గద పక్కన.”

పిల్ల ఆమె కళ్ళలోకి చాలాసేపు చూసింది. తరువాత తల్లె మళ్ళీ మేకుకు తగిలించింది. సరిగ్గా వేలాడుతోందో లేదో అని ఒకసారి కదిపి చూసింది.

“వాడు చెప్పింది నేను చెప్ప” అంది లీలమ్మ కళ్ళు తుడుచుకుని. “వాడు తిన్నది చెప్తనా? అది నేను వండిందే గద. దానికి రూలు లేదు.”

యశోద తల ఊపింది.

“పచ్చిపులుసు మూడుసార్లు పోసుకునేటోడు.”

“వాడా? ఇంట్ల దాన్ని ముట్టకపోయేది.”

“ముట్టకపోతే నేనేం చెయ్యాలె, ఇక్కడ తల్లె ఎత్తి తాగేటోడు. కల్యామాకులు ఏరి అంచు మీద వరుసగ పెట్టేటోడు, ఒక్కటి గూడ పారెయ్యకపోయేది. ఆఖరుకు అన్నీ కలిపి ఒకటేసారి నోట్లేసుకొని, మొఖం గిట్ల పెట్టేటోడు.” లీలమ్మ ముఖం వంకర పెట్టి చూపించింది. అఖిల నవ్వింది. “మస్తు మాట్లాడేటోడు. తినుకుంట మాట్లాడకురా, పొలమారుతది అంటే వినకపోయేది.”

ఇంట్లో మహేష్ మాట్లాడేవాడు కాదు. ఫోను ముందు పెట్టుకుని, తల వంచుకుని తిని లేచేవాడు. యశోద ఇప్పుడు ఇంకొక మహేష్‌ను చూసింది. నోటి నిండా కరివేపాకుతో ముఖం వంకర పెట్టిన మహేష్. వాణ్ణి ఆమె ఎన్నడూ ఎరగదు. వాడు చనిపోయినట్టు కూడా ఆమెకు అనిపించలేదు.

“దీన్ని గూడ మేకుకు తగిలిద్దాం” అంది యశోద, గట్టు మీది తల్లె తీసుకుని. “సజ్జ మీద ఎందుకు?”

“ఇంకో మేకు కొట్టాలె” అంది లీలమ్మ. ముఖం పక్కకు తిప్పుకుని కొత్తిమీర కడగడానికి నల్లా తిప్పింది. “సుత్తె ఆడనే ఉన్నది. సజ్జ మీద, ఆ తుండుగుడ్డ కింద. నువ్వే ఎక్కి తీసుకో.”

కావాలని అందో, పొరపాటున అందో లీలమ్మ ఇప్పటికీ చెప్పదు. నల్లా మాత్రం అవసరమైన దానికంటే ఎక్కువ తిప్పింది.

యశోద మళ్ళీ స్టూలెక్కింది. తుండుగుడ్డ కింద సుత్తి లేదు. గుడ్డ లోపల, ఇందాక మహేష్ తల్లె ఉన్న చోట, దాని కింద ఇంకో తల్లె ఉంది. అదే చేతి రాత. కొత్తదానిలా మెరుస్తోంది, ఒక్కసారి కంటే ఎక్కువ వాడినట్టు లేదు.

బాలనర్సింహ. 9-3-2023.

యశోద మూడుసార్లు చదివింది. మార్చి తొమ్మిది. మహేష్ పోవడానికి సరిగ్గా ముందు గురువారం. ముప్ఫై ఒకటో గురువారం. ఆ రోజు ఆమె కొడుకు ఈ ఇంటికి ఒక్కడే రాలేదు. తండ్రిని తీసుకొచ్చాడు. తన కొడుకు ఏం చెప్పుకున్నాడో ఆ మనిషి ఇక్కడే కూర్చుని విన్నాడు. వారం తరువాత, మార్చురీ బయట, “నాకేం తెలుసు” అన్నాడు.

ఇంకా ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. రెండేళ్ళుగా బాలనర్సింహ గురువారం పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు. సాయిబాబా ఒక్కపొద్దు అనుకుంది యశోద. గురువారం తల్లె నడిచే ఇళ్ళన్నిటికీ పెరుగు ఉట్టిగానే, పైసా తీసుకోకుండా పోస్తాడు, కానీ ఏ ఇంటి గడపా దాటడు. ముఖ్యంగా ఈ ఇల్లు. గేటు బయట బండి ఆపి, క్యాను గోడ మీద పెట్టి వెళ్ళిపోతాడు. కొడుకు పోయిన మనిషి, నలుగురి పిల్లలను చూడలేకపోతున్నాడని గల్లీ అంతా జాలిపడింది. యశోద కూడా పడింది.

“అక్కా” అంది స్టూలు మీది నుంచి.

లీలమ్మ నల్లా కట్టేసింది. “పిల్లల మాటకే రూలు బిడ్డా. పెద్దోళ్ళకు లేదు. కానీ పెద్దోడు తన మాట తనే చెప్పుకోవాలె. అది గూడ నేను చెప్ప.”

గేటు దగ్గర ఎక్సెల్ బండి ఆగిన చప్పుడయింది. దూరంగా ఎవరో బోనాలకు డప్పులు సరిచూస్తున్నారు. వాటి మీదుగా, ప్రతి గురువారం వినిపించే గొంతు వినిపించింది.

“లీలమ్మక్కా, పెరుగు!”

అఖిల అలవాటుగా క్యాను తీసుకురావడానికి కదిలింది. యశోద చెయ్యి అడ్డం పెట్టింది. స్టూలు దిగింది. బాలనర్సింహ పేరున్న తల్లెను నల్లా కింద పెట్టి కడిగింది. వేడి వేడి అన్నం గిన్నె మూత ఉత్త చేత్తో తీసింది. ఆమె ఎప్పుడూ అంతే, గుడ్డ పట్టుకోదు, చెయ్యి కాలదా పెద్దమ్మా అని పిల్లలు అడుగుతుంటారు. అన్నం పెట్టింది, పప్పు వేసింది. తల్లె తీసుకెళ్ళి ముందు గదిలో చాప ముందు పెట్టింది. తరువాత వీధి తలుపు తీసి గుమ్మంలో నిలబడింది.

బాలనర్సింహ ఆమెను చూసి తడబడ్డాడు. “నువ్వా? లీలమ్మక్క లేదా?”

“ఉన్నది. చెప్పులిడిచి లోపలికి రా.”

“గురువారం యశోదా. నేను తినను.”

“తెలుసు. రా.”

ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే ఆయన ఏదో ఒకటి సర్దిచెప్పి బండి తిప్పేవాడే. క్యాను గోడ మీద పెట్టాడు. చెప్పులు విడిచాడు. రెండేళ్ళ నాలుగు నెలల తరువాత ఆ గడప దాటాడు.

ఆ గదిలో చాప బారుగా ఉంది. ఆరుగురు కూర్చోవచ్చు. యశోద పెట్టిన తల్లె మధ్యలో ఉంది. బాలనర్సింహ దాని దగ్గర కూర్చోలేదు. ఎవరూ చెప్పకుండానే కిటికీ కిందికి, గోడ మూలకు వెళ్ళి, అక్కడ కూర్చుని, పక్కన ఒక మనిషికి సరిపోయేంత చోటు వదిలాడు.

యశోద ఆ ఖాళీ చోటు చూసింది. వంగి తల్లె తీసి ఆయన ముందుకు జరిపింది. పేరు ఆయన వైపు తిప్పి పెట్టింది. ఆయన చదివాడు. తల ఎత్తలేదు. భుజాలు మాత్రం, పాల క్యాన్లు మోసి మోసి ఒక పక్కకు వంగిన ఆ భుజాలు, పూర్తిగా కిందికి జారిపోయాయి.

“గాడికెందుకు పోయిండు?” అని అడిగింది యశోద.

లీలమ్మ గుమ్మంలో ఉంది, అఖిల ఆమె వెనక ఉంది. డప్పులు ఆగాయి. తల్లెలో అన్నం మీది నుంచి పొగ లేస్తోంది. యశోద తన అరచెయ్యి చూసుకుంది. గిన్నె మూత తగిలిన చోట ఎర్రగా కమిలి ఉంది. మంట పుడుతోంది. ఆ మంట ఆమెకు తెలుస్తోంది.

బాలనర్సింహ తన పక్కన ఖాళీగా ఉన్న చాప మీద చెయ్యి పెట్టాడు.

“వాని తల్లె గూడ దించు యశోదా” అన్నాడు. “ఈడ పెట్టు, నా పక్కన. వాడు లేకుంట నేనొక్కణ్ణే చెప్పలేను.”